పేరు లేని జబ్బుతో రెండేండ్లు: ఒక సైట్ సూపర్‌వైజర్ మాట

(శుక్రవారం ఎపిసోడ్ రాతప్రతి. మాట్లాడింది మాట్లాడినట్టే పెట్టినం. వినే టైం లేనోళ్లు చదువుకోవచ్చు, రూంలో చదవరానోళ్లుంటే చదివి వినిపించండి.)

ఎప్పుడూ ఇక్కడ వేరేవాళ్ల ముచ్చట వింటుంటిని. ఇయ్యాల నన్ను మాట్లాడమన్నరు. నాది జగిత్యాల దిక్కు ఊరు. ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసిన. 2004ల దుబాయ్ వచ్చిన, హెల్పర్ పని నుంచి మొదలుపెట్టి ఇప్పుడు ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గ ఉన్న. వయసు నలభై నాలుగు. నా కింద ఇరవై రెండు మంది పనిచేస్తరు.

నేను డాక్టర్‌ను కాదు. నాకేం జబ్బో డాక్టర్లు కూడా ఇప్పటిదాక పేరు పెట్టలేదు. మరి ఏం చెప్తడు ఈయన అనుకుంటరేమో. జబ్బు పేరు తెలియకుండ రెండేండ్లు ఎట్ల బతికిన, ఏం తప్పులు చేసిన, ఏం నేర్చుకున్న, అది చెప్త. మన రూములల్ల నా తీరు మస్తుమంది ఉన్నరని నాకు తెలుసు.

2023 నవంబర్‌ల మొదలైంది. రాత్రి బూట్లు విప్పినంక అరికాళ్లు మంటలు. సేఫ్టీ షూ బిగుతైందనుకున్న. కొత్త జత తీసుకున్న, పోలేదు. తర్వాత ఎడమ కాలి వేళ్లు తిమ్మిరి పట్టినట్టు, మీద మందమైన సాక్సు తొడిగినట్టు. ఇంకో నెలకు, కింద పానెల్‌ల వైరు చూద్దామని మెడ వంచితే నడుం దాక సర్రున కరెంట్ పారింది. నేను ఎలక్ట్రీషియన్‌ను, షాక్ ఎట్లుంటదో నాకు తెలుసు. అచ్చం అట్లనే. వెంటనే టెస్టర్ పెట్టి చూసిన, పానెల్ డెడ్. లైన్ లేదు. షాక్ నా లోపలనే ఉంది.

మొదలు కంపెనీ ఇన్సూరెన్స్ మీద ఒక క్లినిక్‌కు పోయిన. డాక్టర్ మలయాళీ సారు. తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు అంతంతే. హిందీల చెప్పిన. తిమ్మిరికి హిందీల ఏమంటరో నోటికి రాలే. ‘కమ్‌జోరీ’ అన్న. ఆయన నీరసం అనుకున్నడు. నొప్పి గోలీలు, బీ కాంప్లెక్స్ రాసి పంపిండు. ఆయన తప్పు లేదు. నేను చెప్పిందే ఆయన రాసిండు.

తమ్ముళ్లూ, ఇది పక్కా గుర్తుపెట్టుకోండి. మనం ఊర్లె అన్నిటికి ‘నరాలు గుంజుతున్నయి’, ‘నీరసం’ అంటం. డాక్టర్‌కు ఒక్కో మాట ఒక్కో దారి. తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉంటే హిందీల ఝన్‌ఝనాహట్. ముట్టుకుంటే తెలియకపోతే సున్న్ పడ్‌జానా. మంట అయితే జలన్. పట్టు తప్పి చేతిల వస్తువు జారిపోతే అది కమ్‌జోరీ. తూలితే చక్కర్ వేరు, బ్యాలెన్స్ పోవుడు వేరు. తల గిర్రున తిరుగుతుందా, తల మంచిగనే ఉండి కాళ్లు తడబడుతున్నయా, అది కూడా విడదీసి చెప్పాలె. నేను ఈ నాలుగు మాటలు నేర్చుకునేసరికి ఏడు నెలలు పోయినయి.

ఆ ఏడు నెలలల్ల ఏం చేసిన? అన్నీ తప్పులే. మొదటిది, నాకు నేనే డాక్టర్‌నైన. బీ కాంప్లెక్స్ మంచిదే కదా అని రెండు రకాలు కలిపి రోజూ మింగిన, ఊరికి పోయివచ్చే దోస్తుల చేత ఇంకా తెప్పించుకున్న. తర్వాత తెలిసింది ఏందంటే, అందులో ఉండే బీ6 విటమిన్ ఎక్కువ మోతాదుల చాలా రోజులు తింటే అదే నరాలను దెబ్బ తీస్తదట. కాళ్ల తిమ్మిరికి మందనుకున్నది కాళ్ల తిమ్మిరిని పెంచొచ్చు. ఇంకోటి, రక్తంల బీ12 ఎంతుందో చూడకముందే గోలీలు మొదలుపెట్టిన. గోలీలు మింగుతుంటే టెస్టుల బీ12 మంచిగనే కనిపిస్తది. ముందు ఎంత ఉండెనో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఫాల్ట్ చూడకముందే వైర్లు మార్చినట్టయింది.

రెండోది, రూంల ఒకాయన ‘నరాల బలహీనతకు మంచి పొడి ఉంది’ అన్నడు. ఆ మాట వినంగనే రూమంత నవ్వులు. మన బస్టాండ్ల గోడల మీద ‘నరాల బలహీనత’ అని ఏ జబ్బుకు రాస్తరో మీకు తెలుసు. ఆ నవ్వు చూసినంక నాలుగు నెలలు ఎవరికీ నా కాళ్ల సంగతి చెప్పలే. సిగ్గైంది. పొడి మాత్రం మూడు వారాలు తిన్న. అట్లాంటి పేరూ ఊరూ లేని భస్మాలల్ల, పొడులల్ల కొన్నిట్ల సీసం ఉండొచ్చని, సీసం నరాలకు విషమని హైదరాబాద్ డాక్టర్ చెప్పినంక నాకు చెమటలు పట్టినయి. సీసానికి రక్తపరీక్ష చేయించిన. మంచిగనే వచ్చింది, బతికిపోయిన.

మూడోది ఫోన్. రాత్రి రెండు గంటలకు దుప్పటి కింద ఫోన్ పెట్టుకొని వెతికిన. మోటార్ న్యూరాన్ జబ్బు అని ఒకటి కనబడ్డది. మెల్లగ కండరాలన్నీ పడిపోతయట. కంటి రెప్ప అదిరితే చాలు, అదే వచ్చిందని ఏడ్చిన. ఇంటికాడ బిడ్డ ఇంటర్ చదువుతుంది, కొడుకు ఎనిమిది, ఇల్లు కట్టిన అప్పు ఇంక నాలుగు లక్షలుంది. లెక్కలేసుకుంట తెల్లారగట్టిన. తర్వాత డాక్టర్ రెండు నిమిషాలల్ల చెప్పిండు: ఆ జబ్బుల ముఖ్యంగ బలం పోతది, కండ కరుగుతది. తిమ్మిరి, మంట, మొద్దుబారుడు దాని అసలు లక్షణాలు కావు. నీకు ఉన్నవి అవే, బలం మంచిగనే ఉంది. అంతే. నెలల తరబడి నేను మోసిన భయం రెండు నిమిషాలల్ల దిగింది. అందుకే చెప్తున్న, వెతుకుడు తప్పు కాదు, కాని రాత్రి పూట ఒక్కనివి వెతకొద్దు. వెతికింది పొద్దున డాక్టర్ ముందట ప్రశ్న చేసి పెట్టాలె.

ఇగ అసలు ముచ్చట. 2024 జూలై. మధ్యాహ్నం విరామం అయిపోయింది. ఇక్కడ యూఏఈల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని బంద్ కదా. మూడింటికి పరంజా ఎక్కుతున్న, కేబుల్ ట్రే చూడనీకి. నిచ్చెన మీద ఎడమ కాలు పెట్టిన. పెట్టిన అనుకున్న. కాలు మెట్టు మీద లేదు. కాలికి తెలియలే, నాకూ తెలియలే. నా వెనుక ఎక్కుతున్న సిరిసిల్ల పిల్లగాడు బెల్టు పట్టుకొని గుంజిండు. మూడో అంతస్తు ఎత్తు.

ఆ పిల్లగానికి ఇరవై మూడేండ్లు. ‘అన్నా, ఎండ దెబ్బనా?’ అని నీళ్లిచ్చిండు. అవును అన్న. అబద్ధం. రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగుల ‘ఒంట్లె బాగలేకుంటే ఎత్తు ఎక్కకండి’ అని వాళ్లకు చెప్పేది నేనే. వర్క్ పర్మిట్ మీద సంతకం పెట్టేది నేనే. నేను పడితే కింద ఉన్న ఆ పిల్లగాని మీదనే పడుదును.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా ఆమెకు మొత్తం చెప్పిన. ఎనిమిది నెలల సంది దాచిపెట్టినవా అని ముందుగాల తిట్టింది. తర్వాత చప్పుడు లేదు. కొంచెం సేపాగి, ‘పైసలు ఆలస్యమైనా అప్పోల్లు ఆగుతరు. నువ్వు నడుసుకుంట ఇంటికి రావాలె, గంతే’ అన్నది.

మరునాడు సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పిన. కాళ్లు వణికినయి, ఈసారి జబ్బుతోని కాదు. అన్‌ఫిట్ అని రాస్తే వీసా కొట్టేస్తరేమో అని నా భయం. ప్రాజెక్ట్ మేనేజర్ పిలిచి, డాక్టర్ కాగితం తెచ్చేదాక ఎత్తు పనులు బంద్ అన్నడు. నన్ను కింద టెస్టింగ్, డాక్యుమెంట్ల పనిల వేసిండు. ఓవర్‌టైం పోయింది, నెలకు ఆరేడు వందల దిర్హంలు తగ్గినయి. ఉద్యోగం పోలేదు. అన్ని కంపెనీలు ఇట్లనే ఉంటయని నేను చెప్పను, నాకు అదృష్టం కలిసొచ్చింది. కాని చట్టం ఏం చెప్తదో తెలుసుకొని మాట్లాడితే ధైర్యం ఉంటది. యూఏఈల ప్రొబేషన్ అయినంక ఏడాదికి 90 రోజుల దాక సిక్ లీవ్ ఉంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగిలిన 45 రోజులు జీతం లేకుండ. డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలె, మూడు పని రోజుల లోపల కంపెనీకి చెప్పాలె. వేరే దేశాల వాళ్లు మీ దగ్గర రూల్ అడిగి తెలుసుకోండి.

అప్పుడు న్యూరాలజిస్ట్ దగ్గరికి పోయిన. పోయేముందు ఒక పని చేసిన, అది ఇన్ని రోజులల్ల నేను చేసిన ఒకే ఒక్క మంచి పని. స్నాగ్ లిస్ట్ రాసినట్టు ఒక నోట్‌బుక్ రాసిన. తారీఖు, టైం, ఏ కాలు ఏ చెయ్యి, ఎంతసేపు, అప్పుడు ఏం చేస్తున్న, ఎండనా ఏసీనా, నిద్ర ఎంత, ఏం తిన్న. మూడు వారాలు. దాని వల్ల రెండు సంగతులు బయటపడ్డయి. షాక్ ఎప్పుడు వచ్చినా మెడ వంచినప్పుడే వస్తుంది. తిమ్మిరి వేడికి ఎక్కువైతుంది, ఎండల నుంచి వచ్చినప్పుడు, వేడి నీళ్లతోని తానం చేసినప్పుడు, ఏసీల గంట కూసుంటే తగ్గుతుంది.

డాక్టర్ నోట్‌బుక్ చూసి కుర్చీల ముందుకు జరిగిండు. మెడ వంచితే వచ్చే షాక్‌కు లెర్మిట్ సైన్ అని పేరుందట, ఒక ఫ్రెంచ్ డాక్టర్ పేరు మీద. అది జబ్బు కాదు, గుర్తు మాత్రమే. మెడ దగ్గర వెన్నుపాముల ఏదో ఇబ్బంది ఉందని చెప్తది. అక్కడ డిస్క్ ఒత్తుకుంటే రావచ్చు, బీ12 తక్కువైతే రావచ్చు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బుల కూడా రావచ్చు. ఆ జబ్బుల ఏమైతదంటే, వైరు మీద ఇన్సులేషన్ ఉన్నట్టు నరాల మీద మైలిన్ అని ఒక పొర ఉంటది, మన ఒంట్లె రక్షణ వ్యవస్థనే పొరపాటున దాన్ని కొరుకుతది. ఇన్సులేషన్ పోయిన వైరు వేడికి ఇంక మొరాయించినట్టు, అట్లాంటి నరాలు కూడా ఒళ్లు వేడెక్కితే సరిగ్గ పనిచేయవు. నాకు టక్కున అర్థమైంది. మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసుడు నా రోజూ పనే కదా.

తర్వాత ఒక్కొక్కటి చూసుకుంట పోయినం. షుగర్: మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చింది. 6.5 గాని అంతకంటె ఎక్కువ గాని వస్తే షుగర్ జబ్బు అంటరు, 5.7 నుంచి 6.4 దాక అంచు మీద ఉన్నట్టు. థైరాయిడ్ మంచిగుంది. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేసిండ్రు. అడిగితే నామోషీ పడకండి, ఆ రెండూ నరాలను పట్టుకునే జబ్బులే, అందరికీ చూస్తరు. బీ12 అంచు మీద ఉంది, గోలీలు మింగినంక కూడా. నరాల్లో కరెంట్ ఎంత వేగంగ పోతుందో చూసే పరీక్ష చేసిండ్రు, నర్వ్ కండక్షన్ అంటరు. చిన్న చిన్న షాకులిస్తరు, మన ఎలక్ట్రీషియన్లకు అదేం లెక్క కాదు. అది నార్మల్ వచ్చింది. నార్మల్ వచ్చిందంటే ఏం లేదని కాదట. ఆ పరీక్ష పెద్ద నరాలనే పట్టుకుంటది, మంట పుట్టించే సన్న నరాలు దానికి చిక్కవు.

మెడ ఎంఆర్ఐకి ఇన్సూరెన్స్ అప్రూవల్ రానీకి పదకొండు రోజులు పట్టింది. డిస్కులు కొంచెం అరిగినయి, కాని వెన్నుపామును ఒత్తుతలేవు. డిసెంబర్‌ల సెలవు మీద ఇంటికి పోయి, హైదరాబాద్‌ల ఇంకో న్యూరాలజిస్ట్‌కు అన్ని కాగితాలు చూపిచ్చి మెదడు ఎంఆర్ఐ తీయిచ్చిన. రెండు మూడు తెల్ల మచ్చలున్నయి. మల్టిపుల్ స్క్లిరోసిస్ అని చెప్పనీకి చాలవు, ఏం లేదు అననీకి వీలు లేదు. బీపీ ఉన్నోళ్లకు, తలనొప్పి ఉన్నోళ్లకు, వయసుతోని కూడా అట్లాంటి మచ్చలు వస్తయట. ఆరు నెలలకు మళ్ల తీయిచ్చిన. కొత్తవి రాలేదు. అది మంచి మాటనే. మళ్ల ఏడాదికి రమ్మన్నరు.

బీ కాంప్లెక్స్ బంద్ పెట్టిచ్చి, ఒక్క బీ12 ఇంజెక్షన్లు ఇచ్చిండ్రు. మూడు నెలలకు అరికాళ్ల మంట సగానికి తగ్గింది. షాక్ మాత్రం ఇప్పటికీ ఉంది. మంట తగ్గింది బీ6 ఆపినందుకా, బీ12 ఇచ్చినందుకా? రెండు స్విచ్చులు ఒక్కసారే మార్చినం, లైట్ దేనితోని వచ్చిందో ఎట్ల చెప్తం? డాక్టర్ కూడా నవ్వి అదే అన్నడు. ‘మీకు ఏం లేదని నేను అంటలేను, ఏందో ఇంక తెలియదు అంటున్న’ అని కూడా అన్నడు. నాకు ఆ మాట మందుకంటె ఎక్కువ పనిచేసింది. అంతకుముందు ఒకాయన ‘అంతా టెన్షన్, ఇంటికి బెంగ’ అన్నడు. బెంగ ఉంది, లేదనను. కాని బెంగకు మెడ వంచినప్పుడే షాక్ రాదు కదా.

వింటున్నోళ్లు మీ గురించి మీరు చూసుకోనీకి నాలుగు మాటలు. బ్రేకర్, గ్రైండర్, వైబ్రేటర్ పట్టి ఏండ్ల తరబడి పనిచేసినోళ్లకు వేళ్లు తిమ్మిరెక్కుతయి, చలికి తెల్లబడతయి. అది ఆ మిషన్ల అదురు వల్ల వచ్చే జబ్బు, డాక్టర్‌కు మీ పని చెప్పకుంటే ఆయనకు తట్టదు. రాత్రి పూట బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారి నిద్ర లేస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుందేమో చూపించుకోవాలె. రోజూ మందు తాగెటోళ్లకు తాగుడే నరాలను తింటది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏండ్లుగా వాడెటోళ్లకు, గ్యాస్ గోలీలు పొద్దున లేస్తే వేసుకునెటోళ్లకు బీ12 పడిపోవచ్చు. మాంసం, గుడ్లు, పాలు ముట్టనోళ్లకు కూడా అంతే. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ లేకుంటే కుష్టు కావచ్చు. భయపడి దాచొద్దు. దానికి మందులు ఉన్నయి, మన దేశంల సర్కారు దవాఖానల ఉచితం, తొందరగ మొదలుపెడితే చేతులు కాళ్లు వంకర పోవు.

కొన్నిటికి నోట్‌బుక్ రాసుకుంట కూసోవద్దు. మూతి ఒక దిక్కు గుంజుకపోయినా, ఒక చెయ్యి లేవకున్నా, మాట తొట్రుపడినా పక్షవాతం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపలనే ఇయ్యాలె, కాబట్టి ‘పండుకుంటే తగ్గుతది’ అనొద్దు. కాళ్ల నుంచి మొదలై రోజురోజుకు పైకి బలం పోతుంటే, రెండు తొడల మధ్య మొద్దుబారి మూత్రం ఆగిపోతే, ఫిట్స్ వస్తే, జన్మల ఎరగని తలనొప్పి ఒక్కసారే వస్తే, వెంటనే అంబులెన్స్. యూఏఈ 998, సౌదీ 997, ఖతర్, బహ్రెయిన్ 999, కువైట్ 112, ఒమాన్ 9999. ఫోన్ల సేవ్ చేసుకోండి, మీ రూం వాళ్లకు కూడా చెప్పండి. మాట పడిపోయినోడు ఫోన్ చేయలేడు.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. నరాల నొప్పికి మన దేశంల రాసే గోలీలు, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్ లాంటివి యూఏఈల నియంత్రణల ఉన్న మందులు. చీటి లేకుండ, ముందు పర్మిషన్ తీసుకోకుండ బ్యాగుల వేసుకొని దిగితే కేసు అయితది. ఇంటి నుంచి వచ్చే దోస్తుకు ‘నా గోలీలు పట్కరా’ అని చెప్పేముందు అవి ఏం గోలీలో చూడండి. మీ మంచి కోసం తెచ్చినోడు జైల్ల పడొద్దు.

ఇప్పుడు నా రోజు ఎట్లుందంటే, పొద్దున లేవంగనే కళ్లు మూసుకొని రెండు కాళ్ల మీద నిలబడి చూసుకుంట, గోడ పక్కన. తూలిన రోజు నోట్‌బుక్‌ల రాస్త. అరికాళ్లు అద్దంల చూసుకుంట, ఎందుకంటే మొద్దుబారిన కాలికి మేకు దిగినా తెలియదు. వేడి నీళ్ల తానం బంద్ చేసిన. ఎత్తు ఎక్కుడు బంద్. సిరిసిల్ల పిల్లగానికి నిజం చెప్పిన. ‘నాకు ఆ రోజే అర్థమైంది అన్నా, మీరు చెప్పేదాక ఆగిన’ అన్నడు. ఇప్పుడు పైన కేబుల్ ట్రే వానికి అప్పజెప్పిన, కింద నుంచి నేను చూస్త. పని నేర్చుకున్నడు, ఇంకో ఏడాదికి ఫోర్‌మన్ అయితడు.

జబ్బుకు పేరు దొరకలేదు. దొరకకపోవచ్చు కూడా. పేరు లేని జబ్బుతో కష్టం ఏందంటే, ఇంటికాడ ‘ఏమైందంట?’ అని అడిగితే చెప్పనీకి మాట ఉండదు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతది. మొదట్ల ‘ఏం లేదమ్మా’ అంటుంటిని. ఇప్పుడు ‘ఇంక చూస్తున్నరమ్మా, నేను చూపించుకుంటున్న’ అంట. ఆమెకు అది చాలు.

వచ్చే స్కాన్ తారీఖు నోట్‌బుక్ చివరి పేజీల రాసుకున్న. ఏం తేలినా వచ్చి మీకు చెప్త. అందరు పైలం. ఉంట మరి, నమస్తే.